భాస్వరం లెక్క తేల్చిన యల్లాప్రగడ సుబ్బారావు

మీరిచ్చిన మట్టిలో భాస్వరం ఎంతుందో భూసార పరీక్షలో రంగును బట్టి చెబుతారు. మట్టి నుంచి తీసిన ద్రావణానికి మాలిబ్డేట్, మరికొన్ని రసాయనాలు కలిపితే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ.

ఇదే సూత్రంతో రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ఫిస్కేతో కలిసి మెరుగుపరిచిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు 1895లో మన భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లి, ఆసుపత్రిలో చిన్న పని చేసుకుంటూ హార్వర్డ్‌లో పరిశోధన సాగించారు. ఆ కొలతే ఆయన్ను కండరాల్లో శక్తినిచ్చే ఏటీపీ దాకా నడిపించింది. ఆరియోమైసిన్ మందు కూడా ఆయన నడిపిన పరిశోధన విభాగంలోనే వచ్చింది. 1948లో న్యూయార్క్‌లో కన్నుమూశారు. నోబెల్ రాలేదు, మనకే ఆయన పేరు సరిగా తెలియదు!

ఏటీపీలో మూడు ఫాస్ఫేట్లుంటాయి. మీ వరి మొక్కకూ శక్తి దాని నుంచే. అందుకే భాస్వరం చాలకపోతే వేరు సాగదు, పిలకలు తగ్గుతాయి. అలాగని ఏటా దుక్కిలో డీఏపీ గుప్పించకండి. భాస్వరం మితిమీరితే పైరుకు జింకు అందదు, ఆకులపై తుప్పు మచ్చలు వస్తాయి. పరీక్షలో భాస్వరం ఎక్కువని తేలితే, వ్యవసాయాధికారిని అడిగి డీఏపీ తగ్గించండి.