బెర్నార్డ్ పీటెన్‌పోల్

బెర్నార్డ్ పీటెన్‌పోల్ (1901 - 1984) అమెరికాకు చెందిన విమాన రూపకర్త. మోటారు కారు ఇంజనుతో ఎగిరే చిన్న విమానాన్ని రూపొందించి, సామాన్యులు సైతం ఇంటివద్దనే విమానము నిర్మించుకొనుటకు మార్గము చూపిన వారిలో ఇతడు ముఖ్యుడు. ఇతని ఎయిర్ క్యాంపర్ అనే రెండు సీట్ల విమానము 1928లో మొదటిసారి ఎగిరింది. ఔత్సాహికులు నేటికీ దానిని నిర్మిస్తున్నారు.

జీవితము

పీటెన్‌పోల్ జీవితంలో అధిక భాగము మిన్నెసోటా రాష్ట్రపు ఆగ్నేయ ప్రాంతములోని చెర్రీ గ్రోవ్ అనే చిన్న గ్రామములో గడిచింది. ఇతడు ఇంజనీరింగు కళాశాలలో చదువుకోలేదు. యంత్రాల మరమ్మత్తును స్వయంకృషితో నేర్చుకొన్న మెకానిక్కు. విమాన నిర్మాణము కూడా అదే విధంగా అలవరచుకొన్నాడు. తరువాతి కాలంలో టెలివిజన్ మరమ్మత్తులు కూడా చేశాడు.

ఇంజను సమస్య

విమానానికి కావలసిన కలప, గుడ్డ, ఇనుప ముక్కలు గ్రామములోనే సమకూర్చుకొనవచ్చును. ఇంజను విషయము అట్లు కాదు. విమానము కొరకే తయారైన కొత్త ఇంజను ధర సామాన్య రైతుకు, మెకానిక్కుకు అందుబాటులో ఉండేది కాదు. మొదటి ప్రపంచ యుద్ధము తరువాత మిగిలిపోయిన కర్టిస్ ఓఎక్స్-5 ఇంజన్లు చౌకగా దొరికేవి. కానీ 90 అశ్వశక్తి గల ఆ ఇంజను సుమారు 177 కిలోల బరువు ఉండుట వలన చిన్న విమానానికి తగినది కాదు.

అందువలన పీటెన్‌పోల్ కార్ల ఇంజన్ల వైపు దృష్టి సారించాడు. 1920 దశకపు తొలి సంవత్సరాలలో ఫోర్డ్ మోడల్ టి ఇంజనుతో ప్రయోగాలు చేశాడు. దాని శక్తి 20 అశ్వశక్తి మాత్రమే కనుక ఇద్దరిని మోయుటకు చాలలేదు. 1928లో ఎయిర్ క్యాంపర్ తొలి విమానానికి ఏస్ అనే నాలుగు సిలిండర్ల ఇంజనును అమర్చాడు. 1929లో ఫోర్డ్ మోడల్ ఎ ఇంజనును ఎంచుకొన్నాడు.

మోడల్ ఎ ఇంజను మార్పులు

మోడల్ ఎ ఇంజను పరిమాణము 3.3 లీటర్లు. నిమిషానికి 2200 చుట్ల వద్ద 40 అశ్వశక్తినిస్తుంది. ఇంత తక్కువ వేగముతో తిరుగుట వలన గేర్ల అవసరము లేకుండా ప్రొపెల్లరును నేరుగా బిగించే వీలు కలిగింది. ఫోర్డ్ సంస్థ 1927 - 1931 మధ్య 48 లక్షలకు పైగా మోడల్ ఎ కార్లను తయారుచేసింది. కనుక వాటి విడిభాగాలు, వాటిని బాగుచేయగల మెకానిక్కులు దేశమంతటా ఉండేవారు.

పీటెన్‌పోల్ చేసిన ముఖ్యమైన మార్పులు:
* ఇంజనును వెనుకకు త్రిప్పి, ఫ్లైవీలు ఉండే కొస ముందుకు వచ్చునట్లు బిగించి, అక్కడ ప్రొపెల్లరును అమర్చుట.
* బ్యాటరీపై ఆధారపడే ఇగ్నిషను బదులు మాగ్నెటోను వాడుట.
* రేడియేటరును ఇంజనుపైన నిలువుగా ఉంచుట.

ఈ అమరికలో లోపాలు లేకపోలేదు. రేడియేటరు పైలటు చూపునకు కొంత అడ్డు వచ్చేది. రేడియేటరు, నీరు కలిసి బరువు పెంచేవి. 40 అశ్వశక్తికి ఇంజను బరువు ఎక్కువ. ఈ కారణము వలన పీటెన్‌పోల్ విమానాన్నే ఇంజనుకు తగినట్లు మలచాడు. పైలటు తలకు పైన ఉండే ఒకే వెడల్పాటి రెక్కను ఉపయోగించాడు. విమానము తక్కువ వేగముతో నేల దిగగలిగేది. గాలిలో ఇంజను ఆగిపోయినచో ప్రాణము దక్కుటకు ఈ తక్కువ వేగమే ఆధారము.

పత్రికలో ప్రచురణ

మోడర్న్ మెకానిక్స్ పత్రిక సంపాదకుడు వెస్టన్ ఫార్మర్ కారు ఇంజన్లు విమానానికి పనికిరావని అభిప్రాయపడేవాడు. 1930లో రెండు ఎయిర్ క్యాంపర్లు మినియాపోలిస్ ప్రాంతానికి ఎగిరి వచ్చి ఆయన ఎదుట దిగాయి. వాటిని చూసిన ఫార్మర్ తన అభిప్రాయము మార్చుకొని, విమానపు నమూనా చిత్రాలను ప్రచురించాడు. ఆర్థిక మాంద్యము నెలకొన్న ఆ రోజులలో అవి ఎందరినో ఆకర్షించాయి. తరువాత ఓరిన్ హూప్‌మన్ అనే యువకుడు మెరుగుపరచిన విమానానికి వివరమైన చిత్రాలు గీశాడు.

మోడల్ ఎ ఇంజను కూడా కొనలేని వారి కొరకు పీటెన్‌పోల్ 1930 దశకపు ఆరంభములో స్కై స్కౌట్ అనే ఒంటి సీటు విమానాన్ని రూపొందించాడు. దీనికి పాత మోడల్ టి ఇంజను సరిపోయేది. పైలటు ఒక్కడే ఉండుట వలన 20 అశ్వశక్తితోనే పని జరిగింది. 1931లో కాంటినెంటల్ సంస్థ ఏ-40 అనే తేలికైన, గాలితో చల్లబడే విమాన ఇంజనును విడుదల చేసింది. అయినను పాత కారు ఇంజనుకు గల చౌకదనము దానికి లేదు.

కార్వేర్ ఇంజను

షెవ్రొలే సంస్థ 1960 నమూనాగా కార్వేర్ అనే కారును విడుదల చేసింది. దాని ఆరు సిలిండర్ల ఇంజను గాలితోనే చల్లబడుతుంది, కనుక రేడియేటరు, నీరు అవసరము లేదు. పీటెన్‌పోల్ 1960 దశకములో దీనిని తన విమానానికి అమర్చి ఎగురవేశాడు. మోడల్ ఎ ఇంజనుకు ఉన్న ప్రధాన లోపాలు దీనితో తొలగిపోయాయి. కార్వేర్ ఇంజనును విమానాలకు వాడే పద్ధతి ఇతర రూపకర్తలలోనూ వ్యాపించింది.

గుర్తింపు

1953లో విస్కాన్సిన్ రాష్ట్రములో ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ ఏర్పడిన తరువాత స్వయంగా విమానాలు నిర్మించుకొనే వారి సంఖ్య పెరిగింది. ఎయిర్ క్యాంపరుకు మరల ఆదరణ లభించింది. పీటెన్‌పోల్ 1984లో మరణించాడు. ఇతని హ్యాంగరును ఆష్‌కోష్‌లోని పయొనీర్ విమానాశ్రయానికి తరలించి భద్రపరచారు. విస్కాన్సిన్‌లోని బ్రాడ్‌హెడ్‌లో పీటెన్‌పోల్ విమానాల యజమానులు ఏటా వేసవిలో సమావేశమవుతారు.

ఇతర విశేషాలు

* ఎయిర్ క్యాంపరు రెక్క పొడవు సుమారు 29 అడుగులు. విమానము పొడవు 18 అడుగుల లోపే.
* ఇంతవరకు 30కి పైగా రకాల ఇంజన్లతో ఎయిర్ క్యాంపర్లు ఎగిరాయి. తమకు అందుబాటులో ఉన్న ఇంజనును ఎంచుకొనుట వీటి నిర్మాతలలో సంప్రదాయముగా నిలిచింది.