సీకే నాయుడు.. క్రీజులోకొస్తే గ్రౌండ్ నిండాల్సిందే!

ఇప్పుడు రంజీ మ్యాచ్ అంటే చాలాసార్లు ఖాళీ స్టాండ్లే. కానీ ఒకప్పుడు సీకే నాయుడు బ్యాటింగ్ చూడ్డానికే జనం ఎగబడేవారు. కొఠారి కనకయ్య నాయుడు 1895లో నాగ్‌పూర్‌లోని తెలుగు కుటుంబంలో పుట్టారు. 1926లో బొంబాయి జింఖానా మైదానంలో హిందూస్ జట్టు తరఫున ఎంసీసీ బౌలర్లను ఉతికేశారు. 11 సిక్సర్లతో 153 పరుగులు! 1932లో లార్డ్స్‌లో భారత్ తొలి టెస్టుకు కెప్టెన్ కూడా ఆయనే. అంత పేరొచ్చినా దేశవాళీ క్రికెట్‌ను వదల్లేదు. ఆయన ఉండగా హోల్కర్ జట్టు నాలుగు రంజీ టైటిళ్లు గెలిచింది. 1953-54లో కొత్తగా రంజీకి వచ్చిన ఆంధ్రకూ ఆడారు. 61 ఏళ్ల వయసులోనూ ఉత్తరప్రదేశ్ తరఫున రంజీ బరిలో దిగారు. 1967లో ఇండోర్‌లో కన్నుమూశారు. స్టార్లు దేశవాళీ ఆడితే జనం వాళ్లే వస్తారని ఆయన జీవితమే చెబుతోంది.