కందుకూరి వీరేశలింగము పంతులుగారు

పంతులుగారు 1848లో రాజమహేంద్రవరమున జన్మించిరి. నాలుగవయేటనే తండ్రిని కోల్పోయిరి. ఆనాటి ఆచారము చొప్పున బాల్యముననే, బాలికయగు రాజ్యలక్ష్మమ్మగారిని పెండ్లాడిరి. తాము నడచిన త్రోవయే తప్పని గ్రహించి 1874లో ధవళేశ్వరమున బాలికా పాఠశాల నెలకొల్పిరి. ధనాశచే పసిపిల్లలను ముదుసలుల కిచ్చు కన్యాశుల్కమును ఖండించిరి. బాల్యవివాహమే బాలవైధవ్యమునకు మూలమని యెరిగి, 1881 డిసెంబరు 11న ఆంధ్రదేశమున తొలి వితంతు వివాహము జరిపించిరి. వంటవారు, నీళ్లు మోయువారు మానుకొనగా రాజ్యలక్ష్మమ్మగారే గోదావరినుండి నీరు తెచ్చి వండి వడ్డించిరి. పంతులుగారు 1919లో కీర్తిశేషులైరి.

1929 శారదా చట్టము బాలికల వివాహవయస్సు 14 ఏండ్లుగా విధించెను. 1978లో అది 18 ఆయెను. అయినను కరవు, కట్నము, పరువు భయములచే హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో కొందరు బాలికల చదువు నేటికిని పెండ్లిపీటలపైనే ముగియుచున్నది. ఆడపిల్లను ఖర్చుపద్దున వ్రాయు తండ్రులారా, చదివించి చూడుడు; జమపద్దున నిలుచును.