మేనమామ చదివించిన కోపర్నికస్

భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతోందని లెక్కలతో చెప్పిన కోపర్నికస్ పేరు మీ పిల్లల పుస్తకాల్లో చూసే ఉంటారు. చర్చి ఆయనను హింసించిందని కూడా మీరు ఎక్కడో విని ఉంటారు. నిజానికి ఆయన చర్చి ఉద్యోగి. జీవితంలో ఎక్కువ భాగం ఆ ఆదాయంతోనే గడిపారు.

1473లో పోలెండ్ రాజు ఏలుబడిలోని తోరున్ పట్టణంలో పుట్టారు. పదేళ్లకే తండ్రి పోతే మేనమామ చేరదీశారు. ఆ మేనమామే తర్వాత వార్మియా బిషప్ అయ్యారు. క్రాకోలో నాలుగేళ్లు చదివించినా డిగ్రీ రాలేదు. చర్చి న్యాయశాస్త్రం చదవమని ఇటలీలోని బొలోన్యాకు పంపితే, మేనల్లుడు ఖగోళశాస్త్ర ఆచార్యుడు నొవారా ఇంట్లో బస చేసి ఆకాశం చూడడంలో పడ్డారు. 1497 మార్చి 9 రాత్రి చంద్రుడు రోహిణి నక్షత్రాన్ని కప్పేయడం చూసి రాసుకున్నారు. అక్కడా పట్టా లేదు! ఈలోగా మేనమామ చలవతో ఫ్రాంబోర్క్ కేథడ్రల్‌లో కానన్ పదవి, అంటే పాలకమండలి సభ్యత్వం దొరికింది. వైద్యం చదువుతానని చెప్పి ఆ మండలి దగ్గర మళ్లీ రెండేళ్లు సెలవు తీసుకున్నారు. చివరికి న్యాయశాస్త్రంలో డాక్టరేట్ చేతికొచ్చేసరికి ఆయనకు 30 ఏళ్లు. ఆ మేనమామ ఓపికను మెచ్చుకోవాల్సిందే.

ఈస్టర్ తేదీ సరిగ్గా తేలాలంటే సూర్యచంద్రుల గమనం తెలియాలి. అందుకే చర్చికి ఖగోళశాస్త్రం అవసరం. క్యాలెండర్ సవరణ చర్చకు వచ్చినప్పుడు, ఆ గమనాల కొలతలు ఇంకా సరిగా లేవన్నది కోపర్నికస్ అభిప్రాయం. పగలు కేథడ్రల్ భూముల లెక్కలు, రోగులకు మందులు. రాత్రిళ్లు చెక్క పరికరాలతో ఆకాశ పరిశీలన. టెలిస్కోప్ ఇంకా పుట్టలేదు.

తన సిద్ధాంతాన్ని 1514కు ముందే చిన్న రాతప్రతిగా కొందరికి పంచారు. పెద్ద గ్రంథాన్ని మాత్రం ఏళ్ల తరబడి దాచుకున్నారు. జనం నవ్వుతారన్న భయమే అందుకు కారణమని ఆయనే రాసుకున్నారు. 1536లో రోమ్ నుంచి ఒక కార్డినల్ ప్రతి పంపమని అడిగారు. స్నేహితుడైన బిషప్ గీసె అచ్చు వేయమని పోరుపెట్టారు. చివరకు ఆయనను ఒప్పించినది లూథర్ మతశాఖకు చెందిన పాతికేళ్ల కుర్ర ప్రొఫెసర్ రేటికస్. కోపర్నికస్ ఆ గ్రంథాన్ని పోప్ మూడవ పాల్‌కు అంకితమిచ్చారు. 1543లో అది అచ్చయింది. అదే ఏడు మే 24న ఆయన కన్నుమూశారు.

మీరు విన్న నిషేధం కూడా నిజమే. అయితే అది 1616లో, గెలీలియో వివాదం రాజుకున్నాక వచ్చింది. నాలుగేళ్లకు కొన్ని వాక్యాలు దిద్ది చదువుకోమన్నారు. నిషిద్ధ గ్రంథాల జాబితాలోంచి ఆ పేరు పూర్తిగా పోయింది మాత్రం 1835లోనే.