భీమవరం డాక్టరు కొలిచిన రసాయనం, ఈరోజు మెదడు స్కానులో

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బోదకాలు మాత్ర సంగతి తెలియని ఇల్లు అరుదు. ఆశా కార్యకర్త గడప దగ్గరికి వచ్చి, ఎదురుగా నిలబడి మింగించే ఆ డీఈసీ మాత్ర 1947లో ఒక తెలుగు డాక్టరు నడిపిన పరిశోధనా బృందం నుంచి లోకానికి వచ్చింది. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు. మందుల సంగతి కొంతమందికైనా తెలుసు. అల్జీమర్స్ వచ్చిన పెద్దల మెదడులో ఏం జరుగుతోందో స్కానులో చూసే ఈ కాలపు పరిశోధనకూ ఆయన పనికీ సంబంధం ఉందన్నది మాత్రం చాలామందికి తెలియదు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో ఇబ్బందులే ఎక్కువ. చదువు కూడా సాఫీగా సాగలేదు. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు కట్టడం అక్కడి తెల్లదొర ప్రొఫెసరుకు నచ్చలేదు. చివరికి ఎంబీబీఎస్‌కు బదులు దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టా చేతికొచ్చింది. ఆ పట్టాతో ప్రభుత్వ ఉద్యోగం దొరక్క మద్రాసు ఆయుర్వేద కాలేజీలో పాఠాలు చెప్పుకున్నారు.

అంతకుముందే ఇంటిమీద పెద్ద దెబ్బ పడింది. స్ప్రూ అనే పేగు జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. తిన్నది ఒంటపట్టక, రక్తం తగ్గిపోయి మనిషి క్షీణించే జబ్బు అది. అప్పట్లో దానికి సరైన మందు లేదు. ఆ మందు వెతకాలన్న పట్టుదలతోనే 1922లో, మామగారి సాయంతోనూ కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయంతోనూ, అమెరికాలోని బోస్టన్‌కు బయల్దేరారు. భార్యను ఇక్కడే వదిలి వెళ్లారు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆ బిడ్డ ముఖం ఆయన చూడనేలేదు. మళ్లీ ఈ నేల మీద అడుగు పెట్టనూ లేదు.

బోస్టన్‌లో చదువుకుంటూనే పొట్టపోసుకోవడానికి ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. తర్వాత హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్త దగ్గర చేరారు. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. సూత్రం తేలికే. కొన్ని రసాయనాలు కలిపితే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ అన్నమాట.

అదే పరీక్ష కండరాల మీద చేస్తే ఒక వింత కనిపించింది. రంగు ఒక్కసారిగా రాకుండా నెమ్మదిగా ముదురుతోంది. పొరపాటేమోనని వదిలేయకుండా వెంటపడితే ఫాస్ఫోక్రియాటిన్ అనే కొత్త పదార్థం బయటపడింది. అది 1927. కండరం పనిచేస్తే అది తగ్గుతుంది, విశ్రాంతి తీసుకుంటే మళ్లీ నిండుతుంది. 1929లో ఏటీపీని కూడా వేరుచేశారు. అదే సమయంలో జర్మనీలో లోమాన్ కూడా దాన్ని కనుగొన్నారు. ఏటీపీ అంటే కణం రోజువారీ ఖర్చుకు వాడే చేతిడబ్బు అనుకోండి. ఫాస్ఫోక్రియాటిన్ అవసరానికి తీసుకునే దాచిన డబ్బు.

ఇక మెదడు విషయానికి వద్దాం. మన ఒంటి బరువులో మెదడు సుమారు 2 శాతమే. శక్తిలో మాత్రం దాదాపు 20 శాతం అదే వాడుకుంటుంది. ఒక నరకణం ఇంకో కణానికి కబురు పంపాలంటే గ్లుటమేట్, ఎసిటైల్‌కోలిన్ వంటి రసాయనాలను వదలాలి. వాటిని తయారుచేయడానికి, సంచుల్లో నింపడానికి, పని అయ్యాక శుభ్రం చేయడానికి ఆ ఏటీపీయే కావాలి.

సుబ్బారావు కాలంలో ఇదంతా తెలియాలంటే కండరాన్ని కోసి, గాజు సీసాల్లో పరీక్షించాల్సిందే. 1974లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు అయస్కాంత పద్ధతిలో ఎలుక కాలి కండరాన్ని పరీక్షించారు. కండరాన్ని చితక్కొట్టకుండానే ఆయన కనుగొన్న ఆ రెండు పదార్థాలూ గ్రాఫు మీద వేర్వేరు శిఖరాలుగా కనిపించాయి. దానినే తర్వాత మనుషుల మెదడుకూ వాడారు. పేరు ఎంఆర్ స్పెక్ట్రోస్కోపీ. మామూలు ఎంఆర్ఐ మిషన్ మీదే చేస్తారు. కోత లేదు, ఎక్స్‌రే కిరణాలూ లేవు.

ఎంఆర్ఐ బొమ్మ మెదడు ఆకారం చూపిస్తే, ఇది లోపలి రసాయనాల లెక్క చూపిస్తుంది. అల్జీమర్స్ రోగుల్లో నరకణాల ఆరోగ్యాన్ని సూచించే ఎన్‌ఏఏ అనే పదార్థం తగ్గడం, గ్లుటమేట్ తగ్గడం పలు అధ్యయనాల్లో కనిపించింది. జ్ఞాపకశక్తికి కీలకమైన ఎసిటైల్‌కోలిన్ ఈ పద్ధతికి నేరుగా దొరకదు. దాన్ని విడగొట్టే ఎంజైముకు అతుక్కునే పదార్థాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చి, పెట్ స్కాన్‌లో పరోక్షంగా అంచనా వేస్తారు. ఇవన్నీ ఇప్పటికి ఎక్కువగా పరిశోధనకే. ఈ ఒక్క పరీక్షతో జబ్బును తేల్చేయలేరు.

మళ్లీ సుబ్బారావు దగ్గరికి వద్దాం. హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లే కంపెనీలో చేరారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది. అన్నదమ్ములను పొట్టనపెట్టుకున్న స్ప్రూకు అది మందైంది. అన్నదమ్ములు పోయి అప్పటికి పాతికేళ్లు దాటాయి. పిల్లల రక్త క్యాన్సర్‌కు తొలి మందైన అమినోప్టెరిన్, టెట్రాసైక్లిన్ జాతిలో తొలి యాంటీబయాటిక్ ఆరియోమైసిన్ కూడా ఆయన హయాంలోవే. 1948 ఆగస్టులో 53 ఏళ్ల వయసులో చనిపోయే దాకా ఆయన భారతీయుడిగానే ఉన్నారు. నోబెల్ రాలేదు. 1995లో మన ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ల వేసింది.

ఈ ఫోలిక్ యాసిడ్ సంగతిలో మన ఇళ్లకు పనికొచ్చే మాట ఒకటుంది. ఫోలిక్ యాసిడ్, బీ12 విటమిన్ రెండూ మెదడులోని కబురు రసాయనాల తయారీకి తోడ్పడతాయి. బీ12 తగ్గితే పెద్దవాళ్లలో మతిమరుపు, తికమక వస్తాయి. థైరాయిడ్ తగ్గినా అంతే. ఇవి మామూలు రక్తపరీక్షలో తెలుస్తాయి, వేళకు కనిపెడితే చాలావరకు నయమవుతాయి. ఇంకో జాగ్రత్త. బీ12 లోపం ఉన్నవాళ్లు ఒట్టి ఫోలిక్ యాసిడ్ వాడితే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది గానీ, లోపల నరాల నష్టం సాగుతూనే ఉంటుంది. అందుకే డాక్టరును అడగకుండా మాత్రలు కొని మింగించకూడదు.

దాదా అడిగిందే అడుగుతుంటేనో, నానీ పొయ్యి మీద గిన్నె మర్చిపోతుంటేనో ముసలితనం, చాదస్తం అని సరిపెట్టేసుకుంటాం. కొందరైతే కసురుకుంటారు కూడా. పాపం వాళ్లు కావాలని చేసేది కాదది. మెదడులో కబురు అందక జరిగేది. స్కానుల దాకా వెళ్లకముందే చేయించాల్సింది ఆ రక్తపరీక్ష. జిల్లా కేంద్రంలోని పెద్దాసుపత్రికి ఒకసారి తీసుకెళ్లండి. నయమయ్యేది అయితే నయమవుతుంది. అల్జీమర్సే అయినా, కొంతకాలం ఊరటనిచ్చే మందులున్నాయి. పైగా అది జబ్బేనని తెలిస్తే ఇంట్లో కసురుకోవడమైనా ఆగుతుంది. రంగు నెమ్మదిగా ముదురుతోందన్న చిన్న విషయాన్ని సుబ్బారావు తేలిగ్గా తీసుకోలేదు. మన పెద్దలు నెమ్మదిగా మారిపోతుంటే మనమూ తేలిగ్గా తీసుకోకూడదు.