పార్నెల్ చేవ్రాలు

ఒక జాతియొక్క న్యాయమైన కోర్కెను వాదమున గెలువలేనివారు ఆ జాతి నాయకుని శీలముపై దెబ్బతీయ జూచుట చరిత్రమున క్రొత్త సంగతి గాదు. ఆ దెబ్బకు కత్తి యక్కరలేదు. ఒక కాగితము, కొంచెము సిరా, పరుల దస్తూరిని అనుకరింప నేర్చిన యొక చేయి చాలును. ఐర్లండు స్వపరిపాలనోద్యమ నాయకుడు చార్లెస్ స్టూవర్ట్ పార్నెల్ జీవితము దీనికి గొప్ప యుదాహరణము. దస్తావేజుల నిజానిజములను గూర్చి న్యాయస్థానములందును పత్రికలయందును వివాదములు తఱచుగా పుట్టుచున్న యీ దినములలో ఆయన చరిత్రమును పాఠకులకు జ్ఞప్తి చేయుట యుక్తమని తలచుచున్నాము.

పార్నెల్ 1846 జూన్ 27వ తేదీన విక్లో మండలమందలి అవన్‌డేల్ అను స్వగృహమున జన్మించెను. ఆయన వంశమువారు భూస్వాములు, మతమున ప్రొటెస్టంటులు. ఐర్లండు ప్రజలలో అత్యధికులు కాథలిక్కులు. అందు పెక్కుమంది పరుల భూములను కౌలునకు దున్నుకొను పేదరైతులు. కాగా పుట్టుకచేతను మతముచేతను ఆయన పాలకవర్గమునకు చెందినవాడే. అయినను తల్లి డీలియా అమెరికా దేశీయురాలు. ఆమె తండ్రి చార్లెస్ స్టూవర్ట్ 1812లో మొదలైన యుద్ధమున ఆంగ్లేయ నౌకలను పట్టుకొన్న నావికాదళాధిపతి. పార్నెల్ కేంబ్రిడ్జిలో చదివియు పట్టము పుచ్చుకొనకయే తిరిగివచ్చెను. 1875లో మీత్ నియోజకవర్గమునుండి పార్లమెంటునకు ఎన్నికైన నాటికి ఆయన వక్తయని యెవరును అనుకొనలేదు. అల్పభాషి, ముభావి, కాని పట్టినపట్టు విడువనివాడు. జోసెఫ్ బిగ్గర్‌తో కలిసి సభానిబంధనలనే ఆయుధములుగా చేసికొని, రాత్రులు తెల్లవాఱునంతవఱకు చర్చలను సాగించి, ఐర్లండు గోడు విననొల్లని సభ తన పనిని తాను చేసికొనలేని స్థితికి తెచ్చెను.

1879లో పంటలు చెడిపోగా కౌలు చెల్లింపలేని రైతులను భూస్వాములు ఇండ్లనుండి వెడలగొట్టసాగిరి. ఆ యేటి అక్టోబరులో మైకేల్ డావిట్ ప్రోత్సాహమున లాండు లీగు స్థాపితమయ్యెను, పార్నెల్ అధ్యక్షుడయ్యెను. వెళ్లగొట్టబడిన రైతు భూమిని చేపట్టిన వానిని కొట్టవలదనియు, తిట్టవలదనియు, ఊరివారందఱు వానితో మాటయు బేరమును మానవలెననియు ఆయన 1880లో ఎన్నిస్ సభయందు బోధించెను. ఆ పద్ధతికి మేయో మండలమున తొలుత గుఱియైన కెప్టెన్ బాయ్‌కాట్ పేరే లోకమున దానికి పేరయ్యెను. 1905లో వంగవిభజనమునకు ప్రతిగా మన దేశమున లేచిన బహిష్కారోద్యమమునకు ఆంగ్లమున వాడుకైన పేరిదియే.

ప్రభుత్వము 1881 అక్టోబరులో పార్నెల్‌ను కిల్‌మైన్‌హాం చెఱసాలయందుంచి, 1882 మే 2వ తేదీన విడిచిపెట్టెను. నాలుగు దినములు గడువకముందే, మే 6వ తేదీన, డబ్లినులోని ఫీనిక్సు పార్కున నూతన కార్యదర్శి ఫ్రెడరిక్ కావెండిష్ ప్రభువును, ఉపకార్యదర్శి బర్క్‌ను రహస్యసంఘమువారు కత్తులతో పొడిచి చంపిరి. పార్నెల్ ఆ హత్యలను బహిరంగముగా ఖండించుటయే గాక, నాయకత్వమునుండి తొలగుటకును సిద్ధపడెను. 1885 ఎన్నికలలో ఆయన పక్షమునకు 86 స్థానములు లభించెను. గ్లాడ్‌స్టన్ హోంరూలు బిల్లును తెచ్చుటయు, అది 1886 జూన్‌లో 343కు 313 వోట్లతో వీగిపోవుటయు పాఠకులెఱిగినదే. బిల్లు వీగినను కోర్కె వీగలేదు. అప్పుడు ప్రత్యర్థులు మఱియొక త్రోవ పట్టిరి.

1887 ఏప్రిల్ 18వ తేదీన ఐర్లండు నిర్బంధశాసనముపై పార్లమెంటు వోటు తీసికొనవలసియుండెను. సరిగా ఆ యుదయమున లండను టైమ్సు పత్రిక పార్నెల్ వ్రాసినదని యొక యుత్తరముయొక్క ప్రతికృతిని అచ్చువేసెను. హత్యల ఖండనము కేవలము నీతియుక్తిగా చేసినదనియు, బర్క్‌కు తగిన శాస్తియే జరిగినదనియు దాని భావము. ఉత్తరమున మాటలు వేఱొకరి దస్తూరి. క్రింది చేవ్రాలు మాత్రము పార్నెల్‌దని వారి వాదము. ప్రతికృతిని చూచినప్పుడు పార్నెల్ కోపింపలేదు. చేవ్రాలులోని ‘ఎస్’ అక్షరముపై వ్రేలుంచి, తానట్టి యక్షరమును 1878 తర్వాత వ్రాయలేదని నెమ్మదిగా చెప్పెనట. దస్తూరి మనుష్యునితోపాటు మాఱునను సత్యము ఆ మాటలో నున్నది. ఆ రాత్రియే ఆయన సభలో ఉత్తరమును కూటసృష్టియని నిరాకరించెను, నమ్మినవారు కొందఱే.

1888లో ముగ్గురు న్యాయాధిపతులతో ప్రత్యేక విచారణసంఘ మేర్పడెను. ఉత్తరముల పుట్టుక మెల్లమెల్లగా బయటపడెను. డబ్లినులో పూర్వము జాతీయపత్రికలను నడపి, 1881లో వానిని పార్నెల్ పక్షమువారికే విక్రయించిన రిచర్డ్ పిగట్ అను దరిద్రుడు వానిని అమ్మజూపెను. పారిసులో నొక నల్లసంచియందు దొరకినవని యాతడు చెప్పెను. హోంరూలు విరోధసంఘ కార్యదర్శి హ్యూస్టన్ కొనెను, టైమ్సు స్వీకరించెను. ఆ పత్రిక కార్యనిర్వాహకుడు మక్డొనాల్డ్ అవి యెవరి చేతినుండి వచ్చినవో అడుగనేలేదు. దస్తూరి పోలినది, తమ కోర్కెకు సరిపోయినది, అంతే చాలునని తలచిరి.

1889 ఫిబ్రవరిలో పిగట్ సాక్షిస్థానమున నిలిచెను. పార్నెల్ న్యాయవాది సర్ చార్లెస్ రస్సెల్ మొదట ప్రశ్న లడుగక, కాగితమును కలమును ఇచ్చి కొన్ని మాటలను వ్రాయుమనెను. అందు చివర, మిక్కిలి సామాన్యముగా, హెజిటెన్సీ అను మాటను చేర్చెను. పిగట్ దానియందు ఆంగ్ల వర్ణమాలలో మొదటి యక్షరమగు ‘ఏ’ ఉండవలసినచోట అయిదవ యక్షరమగు ‘ఈ’ని వ్రాసెను. పార్నెల్ పేర బయలుదేఱిన ఉత్తరములలో నొకదానియందు ఆ తప్పే యుండెను! టైమ్సు నిందలు వెలువడుటకు మూడు దినములముందే, నాయకులకు గండము రానున్నదని పిగట్ డబ్లిను మతాధిపతి వాల్ష్‌కు వ్రాసిన లేఖలును బయటికి వచ్చెను. రెండు దినముల యెదురుప్రశ్నలతో ఆతడు కూలిపోయెను. 23వ తేదీన పార్లమెంటు సభ్యుడు లబూషేర్ యింట తన నేరము నొప్పుకొని, దేశము విడిచి పాఱిపోయి, మార్చి 1వ తేదీన మాడ్రిడు నగరమున తుపాకితో కాల్చుకొని చనిపోయెను.

అసలు ఉత్తరములను కిటికీ యద్దమునకు ఆనించి, పైన వేఱు కాగితముంచి, వెలుతురులో కనబడిన గీతలమీద దిద్దితినని యాతడు చెప్పినది దస్తూరి పరీక్షకులకు చిరపరిచితమైన పద్ధతి. సహజముగా వ్రాయు చేయి ఆగక పరుగిడును. దిద్దు చేయి తడబడును, నడుమ కలము నెత్తును, ఒత్తిడి నొకేరీతిగా నుంచును. ఒకే మనుష్యుని రెండు చేవ్రాళ్లు గీతకు గీత సరిపోవుట అరుదు, సరిపోయినచో అనుమానింపవలెను. 1910లో ఆల్బర్ట్ ఆస్బర్న్ అమెరికాలో ప్రకటించిన గ్రంథమువలన ఈ విద్య శాస్త్రరూపము దాల్చెను. నేడు సూక్ష్మదర్శినియు, అతినీలలోహిత పరారుణ కిరణములును సిరాల భేదమును చెప్పగలవు. మన దేశమున 1872 నాటి సాక్ష్యచట్టము నిపుణుని యభిప్రాయమును, దస్తూరి నెఱిగినవారి సాక్ష్యమును, న్యాయస్థానమే పోల్చిచూచుటను, కక్షిదారునిచే వ్రాయించుటను అంగీకరించినది. 2024 జూలై 1 నుండి దాని స్థానమున వచ్చిన నూతనశాసనమును ఈ మార్గముల నుంచినది. కాని ఇంతటి పరీక్షయు ఒక ప్రశ్నకు బదులు కాజాలదు: ఈ కాగితము ఎవరిచేతినుండి వచ్చినది?

పార్నెల్ సభలో లేచినప్పుడు గ్లాడ్‌స్టన్‌తో సహా లిబరలు సభ్యులు నిలుచుండి గౌరవించిరి. టైమ్సు 5,000 పౌనులు నష్టపరిహారము చెల్లించెను. సంఘము 1890 ఫిబ్రవరిలో ఉత్తరములు కూటములని తేల్చెను. ఉద్యమమువారు కొందఱు భూస్వాములపై బెదరింపులను ప్రేరేపించిరని తప్పుపట్టుటయు మానలేదు.

విజయము నిలువలేదు. కెప్టెన్ ఓషే తన భార్య కాథరిన్‌తో పార్నెల్‌కు గల సంబంధమును న్యాయస్థానమున కెక్కించి, 1890 నవంబరులో విడాకుల తీర్పు పొందెను. అది కూటపత్రము గాదు, నిజము. గ్లాడ్‌స్టన్ దూరమయ్యెను, మతాధిపతులు విముఖులైరి, డిసెంబరులో పక్షము రెండుగా చీలెను. పార్నెల్ వానలో చలిలో ఊరూర తిరిగి పోరాడి, 1891 అక్టోబరు 6వ తేదీన, నలువదియైదవ యేట కన్నుమూసెను. డబ్లినులోని గ్లాస్‌నెవిన్ శ్మశానము ఆయన సమాధిస్థానము. ఆయన నడపిన ఉద్యమపు గాలి మన తీరమునకును సోకినది. ఐర్లండు ప్రతినిధి ఆల్ఫ్రెడ్ వెబ్ 1894లో మద్రాసు కాంగ్రెసునకు అధ్యక్షుడయ్యెను. 1916లో అనిబిసెంటు స్థాపించిన లీగు హోంరూలు పేరునే ధరించెను.

కూటలేఖ కూల్పలేని నాయకుని నిజము కూల్చెను. ఇందు నాయకులు నేర్వవలసినది కలదు. పత్రికలవారు నేర్వవలసినది అంతకంటె నధికము. శత్రువు నపరాధిగా చూపు కాగితము చేతికందినప్పుడు మనస్సు నిపుణుని మాటకంటె ముందే తీర్పు చెప్పును. ఆ క్షణముననే సంపాదకుడు కలము నాపవలెను. టైమ్సు చేయక విడిచిన ఆ యొక్క ప్రశ్నను ఎల్లవేళల అడుగుట మా వృత్తిధర్మమనియు, దానిని పాఠకులు మానుండి కోరుట వారి హక్కనియు మేము నమ్ముచున్నాము.