కైలాసం ఎవరిని చూసి నవ్వారు?

బడినుంచి వచ్చిన పిల్లవాడు తనను ఎగతాళి చేశారని చెబితే, ఎలా చేశారని మనం అడగం. అడగాలి. యాసను అనుకరిస్తే వెక్కిరింత. పొగుడుతున్నట్టే గొంతులో విరుపు పెడితే వెటకారం. పాత తప్పును తవ్వి గుచ్చితే దెప్పిపొడుపు. బావామరదళ్ల మధ్య నడిచేది వేళాకోళం, నొప్పిస్తే అది వేళాకోళమే కాదు. పైకి ఒకటి అంటూ లోపల మరొకటి తగిలిస్తే వ్యంగ్యం. ఈ తేడా చూపడానికి మన బెంగళూరులో టి.పి. కైలాసం గారికన్నా మంచి ఉదాహరణ మాకు దొరకలేదు.

కన్నడ నాటకానికి పెద్దదిక్కయిన ఈయన ఇంటి భాష తమిళం. మన పిల్లల్లాగే బడిలో ఒక భాష, ఇంట్లో మరొకటి. 1884లో పుట్టారు. తండ్రి మైసూరు సంస్థానంలో న్యాయమూర్తి. కైలాసం లండన్‌లో భూగర్భశాస్త్రం చదివి వచ్చి, సంస్థానంలో ఉద్యోగం చేసి, కొన్నేళ్లకు దాన్ని వదిలేసి నాటకాల్లో పడ్డారు. ఆయన చెబుతుంటే మిత్రులు రాసుకునేవారు.

ఆయన పాత్రలు కన్నడంలో ఇంగ్లీషు కలిపి మాట్లాడతాయి. పైకి అది వెక్కిరింతలాగే ఉంటుంది. అయితే ఎవరిని? ఇంగ్లీషు రానివారిని కాదు. వచ్చిందని మురిసిపోయే చదువుకున్న కుటుంబాలను, అంటే తన సొంతవాళ్లనే. ‘బండ్వాళవిల్లద బడాయి’ అన్న నాటకం పేరే చూడండి, పెట్టుబడి లేని బడాయి అని. బడాయికి అనువాదం కూడా అక్కర్లేదు. తమ ఇంటి మాటలే వేదికమీద విని జనం నవ్వారు. హేళన పాలైనవాడు అలా నవ్వలేడు.

తల్లిదండ్రులకు బాగా తగిలేది మాత్రం ‘టొళ్ళుగట్టి’. డొల్ల, గట్టి అని అర్థం. ఒక కొడుకు మార్కుల్లో మొదటివాడు, ఇంకొకడు పరీక్ష తప్పేవాడు. ఇంటికి కష్టం వచ్చినప్పుడు ఆదుకునేది రెండోవాడు. ఇందులో తప్పినవాణ్ణి చూసి ఎవరూ నవ్వరు. నవ్వంతా మార్కుల మీద మనకున్న మోజు మీదే. ఈ గురి కుదరకపోతే వ్యంగ్యం కాస్తా ఎగతాళి అయిపోతుంది. తరగతి గదిలో తరచూ జరిగేది అదే, ఒక్కోసారి మా టీచర్ల నోటినుంచి కూడా.

1945లో మద్రాసులో జరిగిన కన్నడ సాహిత్య సమ్మేళనానికి కైలాసం గారే అధ్యక్షులు. మరుసటి ఏడాది బెంగళూరులో కన్నుమూశారు.

‘టొళ్ళుగట్టి’ చిన్న నాటకమే. కన్నడ పాఠం గంటలో పిల్లలతో ఆడించవచ్చు. మార్కులు తక్కువ వచ్చే పిల్లవాడికి ఏ వేషం ఇస్తారన్నది టీచర్లకే వదిలేస్తున్నాం.